నవలలో పోయిన పళ్ల డాక్టరు

పళ్ల డాక్టరు చనిపోయిన సంగతి ఊరందరికీ తెలిశాకే ఆయనకు తెలిసింది. ఆ ఊళ్లోనే ఉండే రచయిత్రి రాసిన యుద్ధకాలపు నవల బజారులోకి వచ్చినప్పటి నుంచి, పన్ను చూపించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆయన్ని పరామర్శించి గానీ నోరు తెరవడం లేదు.

“చదివానండీ. పోయిపోయి ఆ బాంబు మీ క్లినిక్ మీదే పడాలా?” అంది బట్టల కొట్టావిడ, వాచిన దవడ పట్టుకునే.

“అది కథమ్మా. నేనిక్కడే ఉన్నాగా.”

“అదేలెండి,” అని ఆవిడ ఆయన్ని ఓదార్చింది.

నవలలో డాక్టరుకు పేరు లేదు గానీ, పాదాలు చదునుగా ఉన్నాయని సైన్యం వద్దనడం ఉంది. సైరన్ మోగుతుండగా టార్చి వెలుగులో కథానాయికకు జ్ఞానదంతం పీకి, ఇంటిదాకా దిగబెట్టడం ఉంది. ఆయన క్లినిక్‌కు తిరిగొచ్చిన వెంటనే బాంబు. కథానాయిక తృప్తిగా ఏడ్చి, స్టేషన్‌కు వెళ్లి, సెలవు మీద దిగిన కెప్టెన్‌ను పెళ్లి చేసుకుంది. బాంబు తప్ప అంతా నిజమే. ఆ పన్ను పీకించుకున్నది రచయిత్రే. కెప్టెన్ ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ, పెరట్లో టమాటా మొక్కలను వరసలో నిలబెడుతున్నాడు.

చావు మాట అటుంచి, డాక్టరును తొలిచేస్తున్నది వేరే. ఇన్నేళ్లూ ఆ టార్చి వెలుగును తలుచుకునే బతికాడు. పెళ్లి మాటెత్తినందుకు సొంత అక్కతో పోట్లాడాడు. అలాంటిది ఆవిడ ఒక్క బాంబుతో తనను వదిలించుకుంది. తను ఏనాడైనా ఆవిడ మనసులో ఉన్నాడా, లేడా? అది తేలేదాకా ఆయనకు అన్నం సయించేలా లేదు.

పన్ను పుచ్చి రచయిత్రే వచ్చింది. కెప్టెన్ బయట బెంచీ మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఆవిడకు మత్తిచ్చి, బుగ్గలో దూది కుక్కి, నోట్లో గొట్టం తగిలించి, అప్పుడు ధైర్యం తెచ్చుకున్నాడు. జవాబు చెప్పలేని మనుషులను ప్రశ్నలడగడం ఆ వృత్తిలో వచ్చే అలవాటే.

“నన్నెందుకు చంపారండీ?”

“ఆ,” అందావిడ.

“వేరే ఊరికి పంపించేయొచ్చుగా? నేనెవరికి అడ్డమొచ్చాను? ఒక్కసారైనా నోరు విప్పి మిమ్మల్ని ఏమైనా అడిగానా?”

“ఆఁ, ఆఁ,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మత్తు చాల్లేదేమోనని ఆయన కంగారుపడి గొట్టం, దూది తీసేశాడు.

ఆవిడ పుక్కిలించి ఉమ్మి, గ్లాసు కింద పెట్టింది.

“మొదట మిమ్మల్ని బతికే ఉంచాను. ఎన్నిసార్లు తిరగరాసినా ఆ పిల్ల స్టేషన్‌కు వెళ్లదే! సగం దారిలో వెనక్కొచ్చి మీ క్లినిక్ మెట్ల మీద కూర్చుంటుంది, మీరు అడుగుతారేమోనని. ఇంక కెప్టెన్‌తో పెళ్లెలా చేయను? చంపక తప్పలేదు.”

డాక్టరు చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ముందు పట్టరాని సంతోషం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. డ్యూటీలో ఉన్నాడు కనుక రెండూ మింగేసి పని పూర్తిచేశాడు.

“సాయంత్రం దాకా గట్టివేవీ నమలకండి,” అన్నాడు.

బయటికి రాగానే కెప్టెన్ లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“నేనూ చెప్పానండీ, పాపం ఆ డాక్టర్ని చంపకే, ఉంటే ఉన్నాడు, ఆయన వల్ల ఎవరికి నష్టం అని. వింటేగా!”

“ఆవిడ మంచి పనే చేశారండీ,” అన్నాడు డాక్టరు. “నేనుంటే కథ నడవదట.”