పాలిష్ మీద జిగురు

చెల్లెలు తన మొదటి గిటారుకు బ్రిడ్జి చేస్తోంది. గిటారు చెల్లెలిదే గానీ ఉలి, చిత్రిక, చివరికి కూర్చున్న స్టూలు కూడా అక్కవే. పెళ్ళయ్యాక పక్క వీధికి కాపురం మారినా, పొద్దున్నే అక్క గిటార్లు చేసే దుకాణానికి వచ్చి ఆమె పక్కన పనిలో కూర్చునేది. ఇక ఆ ముచ్చటకు తెరపడేలా ఉంది. గిటారు నేర్పే మాస్టారు ఈ గిటారు వాయించి చూస్తానన్నాడు. నచ్చితే తన శిష్యులందరినీ చెల్లెలి దగ్గరికే పంపుతాడట. అప్పుడు ఆమె వేరే దుకాణం పెట్టుకుంటుంది. గది కూడా చూసుకున్నారు. ఆ సంగతి అక్కకు మరిది నోరు జారితే తెలిసింది తప్ప సొంత చెల్లెలు చెప్పలేదు. ఆ మంట వేరే.

బ్రిడ్జి అంటే చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. జానెడుకు కాస్త తక్కువ పొడవున్న రోజ్‌వుడ్ బద్ద. మధ్యలో తీగలు కట్టే దిమ్మ, దాని ముందు ఎముక ముక్క కూర్చునే గాడి, అటూ ఇటూ రెండు రెక్కలు. మేకు ఉండదు, స్క్రూ ఉండదు. ఆరు తీగలు రాత్రీ పగలూ లాగుతుంటే ఒట్టి జిగురుతో గిటారు ముందు పలకను, అంటే పొట్టను, పట్టుకుని ఉండాలి.

"ఏంటే ఇంత వెడల్పు? బ్రిడ్జి చేస్తున్నావా, పీట చేస్తున్నావా?" అంది అక్క.

"వెడల్పు పెంచాను కాబట్టే రెక్కలు పల్చన చేయగలిగా. ఊరికే సణక్కు."

గిటారు పొట్ట చదునుగా కనిపిస్తుంది గానీ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. చెల్లెలు ఆ ఉబ్బు మీద గరుకు కాగితం పరిచి, బ్రిడ్జి అడుగును దాని మీద ముందుకూ వెనక్కూ రుద్దింది. రెండూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. వంక పెట్టడానికి అక్క వెతికింది, దొరకలేదు.

పాలిష్ వేసేముందు బ్రిడ్జి కూర్చునే చోట టేపు అంటిస్తారు. తర్వాత దాన్ని పీకేస్తే పచ్చి చెక్క బయటపడుతుంది. జిగురు పచ్చి చెక్కను పట్టినట్టు పాలిష్‌ను పట్టదు. చెల్లెలు బ్రిడ్జి జారకుండా దాని వెనక అంచు వచ్చే చోట రెండు చెక్కముక్కలు నిలిపి, వేడి జిగురులో కుంచె ముంచింది. బ్రిడ్జిని నొక్కి బిగించే క్లాంపు పట్టుకుని కిటికీ వైపు నిలబడ్డ అక్క కళ్ళకు, ఆ ముక్కలకూ పచ్చి చెక్కకూ మధ్య వడ్లగింజ మందాన పాలిష్ మెరుపు కనిపించింది. విషయం వెంటనే బోధపడింది. చెల్లెలు బ్రిడ్జిని సొంత కొలతతో చేసింది, టేపును మాత్రం అలవాటు కొద్దీ అక్క కొలతకున్న పాత అచ్చుతో, తక్కువ వెడల్పుకు కోసింది. తీగలు లాగితే మొదట లేచేది వెనక అంచే.

"అంతా బాగానే ఉందా అక్కా? పెట్టేస్తున్నా, జిగురు చల్లారిపోతోంది."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అప్పుడు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది.

"కానీయ్," అంది చివరికి. క్లాంపు కూడా తనే బిగించింది.

జిగురు ఆరి, తీగలు కట్టి, మాస్టారు వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. అక్కకు బ్రిడ్జి ఊడాలని ఉంది, ఊడకూడదనీ ఉంది. మామూలుగా మంచి మనిషే, ఆ నాలుగు రోజులూ కాదు.

మాస్టారు వచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాయించాడు. "నాదం బాగుందమ్మా," అన్నాడు. సన్నతీగను ఇంకాస్త శ్రుతి చేద్దామని బిరడా తిప్పాడు. ఫెళ్ళున చప్పుడైంది. బ్రిడ్జి ఊడి తీగలకు వేలాడింది.

"మొదటిదే కదా, పర్వాలేదు. ఇంకో ఏడాది అక్క దగ్గర నేర్చుకో," అనేసి ఆయన లేచి వెళ్ళిపోయాడు.

చెల్లెలు బ్రిడ్జిని చేతిలోకి తీసుకుని రెక్కలు తడిమింది. "మరీ పల్చన చేశానేమో. నీలాగే చేయాల్సింది. నాకింకా చేతకాలేదక్కా. ఒక గది మాట్లాడుకున్నాం, నీకు చెప్పలేదు. అది వద్దని చెప్పేస్తా. నీ దగ్గరే ఉంటా."

అక్క కోరుకున్నది ఇదే, అక్షరాలా ఇదే. కానీ సంతోషం రాలేదు, సిగ్గేసింది. ఆ రెక్కలు నిజంగా బాగున్నాయి. నాదం బాగుండడానికి అవే కారణం.

"రెక్కల తప్పేం లేదు. వెనక అంచు పాలిష్ మీద కూర్చుంది. టేపు నా అచ్చుతో కోశావు."

చెల్లెలు గిటారు పొట్ట మీద వెనక అంచు పడ్డ చోట వేలితో తడిమింది. "ఇప్పుడు చూస్తే తెలిసిందా?"

"లేదు. నువ్వు పెట్టకముందే చూశాను."

చెల్లెలు గిటారును బల్ల మీద పెట్టింది. వెనక అంచు మేర పాలిష్ గీకింది, పాత జిగురు కడిగి ఆరబెట్టింది, కొత్త జిగురు వేడి చేసింది. కుంచె ఎత్తి ఆగింది.

"అక్కడే నిలబడి బాగా చూడు. ఏమన్నా ఉంటే ఈసారి చెప్పు."

అక్క వంగి చూసింది. ఏదో ఒకటి కనిపిస్తే బాగుండుననిపించింది. నాలుగు వైపులా పచ్చి చెక్కే.

"ఏమీ లేదు," అంది.

"గది తాళాలు రేపు తీసుకుంటున్నాం," అంది చెల్లెలు, బ్రిడ్జిని కూర్చోబెడుతూ. "ఊఁ, బిగించు."

అక్క క్లాంపు బిగించింది.