కెజియ తల నిండా క్లిప్పులు

ఆదివారం ఉదయం అమెరికాలోని మోరిస్‌విల్‌లో, చర్చికి బయలుదేరబోతున్న దేవకుమారికి మెట్లు దిగి వస్తున్న కూతురు కెజియను చూడగానే గుండె గుభేలుమంది. తల నిండా రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు, మెడలో బొమ్మల దండలు, గౌను మీద గౌను, కాళ్లకు చారల మేజోళ్లు. జపాన్ కుర్రకారు ఇలా తయారవుతారట. డెకోరా అంటారట.

"ఈ వేషంతో చర్చికొస్తావా? నలుగురూ ఏమనుకుంటారే?"

"మమ్మీ, వేషం కాదు. ఐ నీడ్ దిస్. ప్లీజ్."

పాఠకులారా, ఆ తల్లి భయం క్లిప్పులను చూసి మాత్రమే కాదు. ఆమె భర్త ప్రభుదాస్ ఉద్యోగం పోయింది. గడువులోగా మరొకటి దొరక్కపోతే వీసా పోతుంది, దేశం విడిచి వెళ్లాలి. ఇక్కడే పుట్టి పెరిగిన కెజియకు ఆ సంగతి చెప్పలేదు. చర్చి సంఘంలోనూ చెప్పలేదు. పరువు కోసం ప్రభుదాస్ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసుకని బయలుదేరి, లైబ్రరీ పార్కింగ్‌లో కారులోనే పొద్దు పుచ్చుతున్నాడు. పిల్ల వాలకం చూసి ఎవరైనా ఆరా తీస్తే? తీగ లాగితే డొంకంతా కదలదూ!

చర్చిలో కెజియ అదే అలంకారంతో అమ్మానాన్నల మధ్య కూర్చుంది. ప్రార్థన మనవుల సమయం వచ్చింది. ఒకరు కొడుకు పరీక్ష అన్నారు, ఒకరు కాకినాడలో తల్లి మోకాళ్లు అన్నారు. దేవకుమారి తల మీద చెంగు సర్దుకుని లేచింది. "మా పాపకి మంచి బుద్ధి రావాలని ప్రార్థించండి" అంది, ఎప్పటిలాగే. అందరూ కెజియ వైపు తిరిగారు.

కెజియ లేచి నిలబడింది.

"అంకుల్, ఆంటీ... మా డాడీకి జాబ్ పోయింది. దానికి ప్రే చేయండి."

దేవకుమారి కూతురి వైపు తిరిగింది. "నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలే. స్కూల్ బస్ లైబ్రరీ ముందే వెళ్తది. రోజూ డాడీ కార్ చూస్తా. మిమ్మల్ని ఇండియాకి పంపించేస్తారేమో అని చాలా స్కేర్డ్ అవుతా. స్కేర్డ్ అయినప్పుడల్లా ఇంకో క్లిప్ పెట్టుకుంటా. అడిగితే మీరు చెప్పరు కదా!"

దేవకుమారికి అప్పుడు అర్థమైంది. ప్రభుదాస్ ఉద్యోగం పోయాకే క్లిప్పులు మొదలయ్యాయి. వారం వారం అవి పెరుగుతుంటే తాను తిట్టింది గాని, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. సిగ్గూ దుఃఖమూ కలిసి ఆమెకు కళ్లు చెమర్చాయి.

"వేషం వేసింది నువ్వు కాదు తల్లీ, నేను" అని ప్రభుదాస్ ముఖం కప్పుకున్నాడు.

పాస్టరమ్మగారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "భయం మనందరికీ ఉంది బాబూ. మనం దాచుకున్నాం, ఈ బిడ్డ తల మీద పెట్టుకుంది. పిల్లల తీరు చూసి కోప్పడే ముందు, ఇంట్లో వాళ్లకి చెప్పకుండా ఏం దాచామో చూసుకోవాలమ్మా."

వీసా గడువు అలాగే ఉంది. దేవకుమారి తల మీది చెంగు తొలగించి కూతురి ముందు తల వంచింది.

"నాకూ భయంగానే ఉందే. నాకూ ఒకటి పెట్టు."