మెయినా, డెవలప్పా?

"తప్పు బ్రాంచ్. మీ మార్పులు తీసుకోకుండా మూసేస్తున్నాం. డెవలప్ మీద చేసి పంపండి."

మూడు వారాల కష్టానికి వచ్చిన జవాబు అంతే. బాంబూఫ్లాట్ జెట్టీ మీద ఫెర్రీ కోసం నిలబడ్డ ప్రమోదకు ఫోన్ సముద్రంలోకి గిరాటెయ్యాలనిపించింది.

ప్రమోద పోర్ట్‌బ్లెయిర్‌లో కంప్యూటర్ టీచరు. తండ్రి అప్పలరాముడు చేపల వేటకెళ్తాడు. అక్షరం ముక్క రాదు. గాలీ అలల హెచ్చరికలు చూపించే ఉచిత యాప్ ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. తండ్రి కోసమని, ఆ హెచ్చరికలు తెలుగులో పైకి చదివేలా చేసిందామె.

ఆ కోడ్‌కు రెండు బ్రాంచ్‌లు, అంటే విడివిడిగా నడిచే రెండు ప్రతులు. జనం ఫోన్లలో నడుస్తున్నది మెయిన్. రాబోయే మార్పులు తయారయ్యేది డెవలప్. దేని మీద మొదలెట్టాలో తెలియక, పనికి ముందే యాప్ వాళ్ల సూచనల పేజీ చదివింది. "మెయిన్ తీసుకోండి" అని రాసుంది!

యాప్ చూసుకునే మణికుమార్‌కు జెట్టీ మీంచే కాల్ చేసింది.

"భయ్యా, మీ పేజీలో మెయిన్ అనే ఉంది కదా?"

"అది మూడేళ్ల నాటిదండీ. కొత్త పని డెవలప్ మీదని అందరికీ తెలుసు."

"అందరూ అంటే ఎవరు? తప్పు రాసింది మీరు, తప్పు చేసింది నేనా?"

"దిద్దడానికి తీరికేదండీ?"

"నా పని మూసెయ్యడానికి మాత్రం దొరికిందే!"

సాయంత్రం ఇంట్లో ప్రమోద చేతిలో గిన్నెలు దభీదభీమంటుంటే, వల అల్లుతున్న అప్పలరాముడు తలెత్తాడు.

"ఎవులి మీదే అంత కోపం?"

చెప్పింది. సగం అర్థమైంది ఆయనకి.

"తోవ తప్పు సెప్పినోడే తిట్నాడా? ఛోడ్ దే, ఒగ్గేయ్."

"ఒగ్గను నాన్నా."

ముందు ఆ సూచనల పేజీ దిద్ది పంపింది: "కొత్త పనికి డెవలప్ తీసుకోండి, మెయిన్ కాదు." పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. పొరపాటైందన్న మాట మాత్రం లేదు. తర్వాత డెవలప్ తెరిస్తే కడుపు మండిపోయింది. తను మార్చిన ఫైళ్లు అక్కడ ఆనవాలు పట్టలేనంతగా మారిపోయాయి. సగం పని దండగ. పళ్లు కొరుక్కుంటూ నాలుగు రోజులు మళ్లీ చేసింది. ఈసారి తీసుకున్నారు.

నెల తిరిగేసరికి కొత్త యాప్ వచ్చింది. ఓ పొద్దున్న అప్పలరాముడి ఫోన్ పలికింది: "ఈరోజు అలలు ఎత్తుగా ఉంటాయి. వేటకు వెళ్లవద్దు." ఆయన భుజాన ఎత్తుకున్న వల దించేశాడు.

అదే రోజు మణికుమార్ రాశాడు: "మంచి పని. ఇంకా పంపుతుండండి."

ప్రమోద కోపం ఇసుమంతైనా తగ్గలేదు. "పొరపాటు మాదేనని అందరూ చూసేలా రాయండి. అప్పుడు పంపుతాను," అని జవాబిచ్చి స్కూలుకి బయల్దేరింది.