మామగారి గడ్డం, కోడలి మాస్కు

పురుషుడి గడ్డం సార్వభౌమాధికారం వంటిదనీ, దాన్ని ఏ రబ్బరు తొడుగూ హరించజాలదనీ, చెక్క మీద రెజిన్ అనే రసాయన ద్రవం పోసి బల్లలు తయారుచేసే మామగారు తమ వర్క్‌షాపులో ప్రకటించారు.

తిరుగుబాటు జెండా ఎగరేసింది ఆయనతో కలిసి పనిచేసే కోడలు.

"మీ గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది మామయ్యా, రెజిన్ ఆవిరిని కాదు. ఆవిరిని పట్టే కార్ట్రిడ్జీల మాస్కు తెచ్చాను, పెట్టుకోండి."

"ఇన్నేళ్లు పీల్చాను, నాకేమైంది?" అని గర్జించి, ఆయన వంగిపోయి దగ్గారు.

"అదిగో, అదే అయింది."

చివరికి మాస్కు తొడుక్కున్నారు. అది సరిగా పట్టిందో లేదో చూడటానికి కోడలు దాని రెండు పక్కలా ఉన్న కార్ట్రిడ్జీలను అరచేతులతో మూసి, గాలి పీల్చమంది. మాస్కు ముఖానికి అతుక్కోలేదు. గడ్డం సందుల్లోంచి గాలి దర్జాగా లోపలికి వచ్చేసింది.

"గడ్డం తీసేదాకా ఈ మూత తీయనివ్వను," అంటూ ఆమె రెజిన్ డబ్బా మీద కూర్చుంది.

"గడ్డం తీస్తా. మీసం జోలికొచ్చావో, ఊరుకోను!"

సంధి కుదిరింది. మర్నాడు ఆయన నున్నటి చెంపలతో వచ్చి మాస్కు బిగించారు. ఈసారి అది చక్కగా అతుక్కుంది. దక్కించుకున్న మీసాన్ని సగర్వంగా మెలేయబోయారు. చేతికి రబ్బరు తగిలింది.