గుమ్మం పెద్దాయన

శాసనసభలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన గుమ్మం పెద్దాయన. ముప్పై రెండేళ్లుగా ప్రతిపక్షంలోనే ఉన్నాడు. అధికారం రుచి ఎలా ఉంటుందో తిన్నవాళ్లు చెబితే విన్నాడంతే. ఎత్తైన మేడలు వద్దన్నాడు, అర్ధరాత్రి సినిమా ఆటలు వద్దన్నాడు, బడిలో కొత్త పాఠాలు వద్దన్నాడు. వద్దన్నవన్నీ వచ్చి కూర్చున్నాయి. వచ్చిన ప్రతిసారీ ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచేవాడు. కళ్లజోడు జేబులోకి వెళ్లిందంటే ఆయన పార్టీవాళ్లు పదకొండు మందీ లేచేవాళ్లు. ఎందుకని అడిగే పాపం వాళ్లెన్నడూ చేయలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చేది. దాంతో కడుపు నిండిపోయేది.

అయితే ఆయనకు నిజంగా కావలసింది ఒకటుంది. బడికి కూతవేటు దూరంలో మందు దుకాణం ఉండకూడదు. ఆయన అన్న బడిపంతులు. సాయంత్రం గంట కొట్టగానే ఎదురుగా ఉన్న దుకాణంలోకి వెళ్లేవాడు. ఒకరోజు తిరిగి రోడ్డు దాటబోయి లారీ కింద పడ్డాడు. ఆ రోజు వదినకు మాటిచ్చాడు, ఆ దుకాణం అక్కడ లేకుండా చేస్తానని. ఆ మాటకు ఇరవై ఆరేళ్లు. దుకాణం మాత్రం ఇంకో అంతస్తు వేసుకుంది.

ఇన్నాళ్లకు ఆయన బిల్లు ఓటింగుకు వచ్చింది. పాలకపక్షంలోని ఆడవాళ్లే పట్టుబట్టడంతో, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు ఓటేయొచ్చన్నారు. లెక్క చూస్తే ఐదు ఓట్ల తేడాతో గెలుస్తుంది. పెద్దాయన ఆ ఉదయం స్వయంగా వెళ్లి వదినను తీసుకొచ్చి, పైన సందర్శకుల వరసలో కూర్చోబెట్టాడు.

"ఇవాళ మాత్రం ఎవరేమన్నా పట్టించుకోకు," అంది వదిన.

"నేనేం చిన్నపిల్లాణ్ణా వదినా?" అన్నాడాయన.

మంత్రి లేచాడు. దుకాణాలవాళ్లతో పొత్తున్న మనిషి, ఎప్పుడూ గొంతు పెంచకుండా మాట్లాడతాడు. పెద్దాయన ఆయువుపట్టు ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. కాగితాలు సర్దుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "సొంత అన్నను ఇంట్లో ఆపుకోలేనివారు, ఊరందరినీ ఆపుతారట."

సభ గొల్లున నవ్వింది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. పైన వదిన రెండు చేతులతోనూ కూర్చో, కూర్చో అని సైగ చేసింది. ఆయన చూశాడు. చూస్తూనే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పదకొండు మందీ లేచారు.

వరండాలో అందరూ ఆయన వీపు తట్టారు. "బాగా బుద్ధి చెప్పారండీ," అన్నాడొకడు. ఇంకొకడు టీ పురమాయించాడు. టీ ఇంకా గొంతు దిగకముందే లోపల ఓటింగు గంట మోగింది. గంట మోగడం ఆగగానే తలుపులు మూస్తారు, లెక్క పూర్తయ్యేదాకా తెరవరు. ఆ నియమం ఆయనకు తెలియక కాదు. ముప్పై రెండేళ్లలో ఆ తలుపు మూసుకోవడం వల్ల ఆయన పోగొట్టుకున్నది ఏదీ లేదు, అంతే.

గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ల కాళ్లు. కాపలావాడు గడియ వేసేశాడు.

"తియ్యవయ్యా, ఆ బిల్లు నాదే."

"మీరే బయటికొచ్చారు కదండీ," అన్నాడు కాపలావాడు, పాపం మర్యాదగానే.

బిల్లు ఏడు ఓట్ల తేడాతో వీగిపోయింది. బయట నిలబడ్డవాళ్లు పన్నెండు మంది. తలుపులు తెరిచాక మంత్రి ఆయన ముందునుంచే వెళుతూ నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం కన్నా చెంపదెబ్బ నయం.

వదిన కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఆయన ఎదురెళ్లాడు.

"అన్నయ్యను అంత మాటంటే ఎలా కూర్చోమంటారు వదినా? మన పరువేం కావాలి?"

వదిన ఆయన జేబులోని కళ్లజోడు వైపు చూసింది.

"మీ అన్నయ్యా ఇంతే. హెడ్మాస్టరు ఒక్క మాటంటే చాలు, పరువు పోయిందని లేచి రోడ్డు దాటేవాడు."

ఆయన కారు పిలిపిస్తానని అనబోయాడు.

"వద్దులే. నడిచి వెళతాను," అంది వదిన. "ఆ దుకాణం ముందునుంచి వెళ్లడం నాకు అలవాటే."