కదలని బ్రిడ్జి

మా ఆయన అర్జునరావు చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నోరారా తిట్టి, నలుగురిలో పెట్టి, కడుపుమంట అక్కడితో చల్లార్చుకునేదాన్ని.

నేను ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తాను. వాయించేదాన్ని. గాజువాక, దువ్వాడ పెళ్ళిళ్ళలో ఉమాశంకర్ ఆర్కెస్ట్రా అంటే జనం గుర్తుపెట్టుకునేది ఒక్కటే. పాట మధ్యలో నేను తీగలు బిగించే బ్రిడ్జికున్న ఆర్మ్ అనే కడ్డీ నొక్కితే స్వరం కిందికి జారిపోయేది, వదిలితే వణుక్కుంటూ పైకొచ్చేది. ఈలలు పడేవి. కీబోర్డు మీద అన్నీ పలికించేవాళ్ళు వీధికొకరున్న రోజుల్లో ఉమాశంకర్ నన్ను ఉంచుకున్నది ఆ జారుడు కోసమే. ఆ మాట నా మొహం మీదే చెప్పాడు కూడా.

ఆ ఆర్మ్ తుప్పుతో బిగుసుకుపోయింది. కారణం మా ఆయనే. హార్బర్‌లో బోటు మీద పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. సముద్రం మీంచి ఏది ఇంటికొచ్చినా మంచినీళ్ళతో కడిగేస్తారు, ఉప్పు ఇనుమును తినేస్తుందని. గొలుసు, ఐసు పెట్టె, ఆఖరికి చెప్పులు. నేను బీచ్‌లో ప్రోగ్రాం చేసి వస్తే చాలు, అటు స్నానానికి వెళ్ళగానే ఇటు గిటార్‌ని పంపు దగ్గరికి తీసుకుపోయేవాడు. పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోసి, తువ్వాలుతో తుడిచి గోడకు ఆనించేవాడు. అరిచాను, ఏడ్చాను, మంచం కింద దాచాను. వెతికి మరీ కడిగాడు.

"ఉప్పుగాలే అది. నీకు తెల్దు," అనేవాడు.

ఆ నీళ్ళు గిటార్ వెనక గూట్లోకి దిగి, అక్కడున్న స్ప్రింగుల్నీ బ్రిడ్జి కింది ఇనుప దిమ్మనీ తినేశాయి.

ఇద్దరం వన్ టౌన్‌లో వాద్యాలు బాగుచేసే సిరాజ్ భాయ్ కొట్టుకి వెళ్ళాం. ఆయన బల్ల మీద రెండు బ్రిడ్జిలు పెట్టాడు.

"ఇది కదలని రకం బేటీ. బిగించేస్తే అయిపోయింది, ఆర్మ్ ఉండదు. ఇది నీ పాతదాని లాంటిదే. చవకరకం, మళ్ళీ తుప్పే. ఆర్మ్ కావాల, తుప్పు రాకూడదంటే స్టీలుది బొంబాయి నుంచి తెప్పిస్తా."

మా ఆయన కదలని దాన్ని అరచేతిలో పెట్టి తూచాడు. "ఇదే గట్టిగుంది భాయ్. కదిలీదేదైనా లూజైపోద్ది. ఇదే ఎయ్యి."

"మావా, కదిల్తేనే నాకు పని," అన్నాను.

సిరాజ్ భాయ్ గిటార్‌ని బోర్లించి, వెనక మూత తీసి గూడు చూపించాడు. "చూడు అర్జునరావ్, ఈ దిమ్మ ఇందులో ఊగాల. ఈ ఖాళీ ఉన్నది అందుకే."

మా ఆయన శ్రద్ధగా వంగి చూశాడు, తలూపాడు. అర్థమైందనుకున్నాను. స్టీలుది తెప్పించమన్నాను. మూత స్క్రూలు తుప్పుకి విరిగిపోవడంతో గూడు తెరిచి ఉండగానే గిటార్ ఇంటికి తెచ్చుకున్నాం.

అవి చేపల వేట నిషేధం రోజులు. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. మా ఆయన పగలంతా బోటు పగుళ్ళకి ఫైబరు అంటిస్తున్నాడు. రెసిన్ అనే జిగురులో హార్డనర్ కలిపి పోస్తే రాయిలా గట్టిపడిపోతుంది, ఇంక చుక్క నీరు దూరదు. నేను వన్ టౌన్ వెళ్ళి కొత్త బ్రిడ్జి తీసుకుని వచ్చేసరికి గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

"సూడు రాధా, ఏటి సేసేనో!"

గిటార్ వెనక గూడు లేదు. రెసిన్ నిండా పోసి, పైన ఫైబరు వేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. దిమ్మ, స్ప్రింగులు అన్నీ అందులోనే ఉండిపోయాయి.

"నీలు లోపలికెల్లీ దారి మూసీసేను. ఇంక జన్మలో తుప్పట్టదు."

"భాయ్ చెప్తే తలూపేవు గదా మావా!"

"ఊపేను. ఊగుతాదన్నాడు గదా. ఊగితే మరి పాడైపోదేటి?"

పక్కింటి ముసలమ్మ వచ్చి ఆ నునుపుని చేత్తో నిమిరింది. "పెల్లాం సామానికి ఇంత సాకిరీ సేసే మొగుడెక్కడున్నాడే? పెట్టి పుట్టేవు," అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నా నాదే తప్పవుతుంది.

మర్నాడు సిరాజ్ భాయ్ వేలితో తట్టి చూసి పెదవి విరిచాడు. "తవ్వితే చెక్క చీలిపోద్ది బేటీ. కొత్తది పట్టదు, ఇంక ఇది ఇంతే."

దువ్వాడ ప్రాక్టీసులో ఉమాశంకర్ కాసేపు విన్నాడు. "శ్రుతి బాగా నిలబడింది రాధా, ఇదివరకటి కంటే బాగుంది. మరి ఆ జారుడేదీ?"

ఆర్మ్ నొక్కాను. గోడని నొక్కినట్టుంది.

"సరే, ఈసారికి కోరస్‌లో నిలబడు. తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాం అంటే ఏమిటో ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

బీచ్ రోడ్డులో రిసెప్షన్. గిటార్ మెడలో ఉంది కానీ తీగ ముట్టుకోలేదు. నేను స్వరం జార్చాల్సిన చోట కీబోర్డు అతను ఏదో మీట తిప్పాడు. స్వరం అలాగే జారింది, అలాగే వణికింది. ఈలలు కూడా అలాగే పడ్డాయి. నేను లేకపోతే ఏదో తగ్గుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పంపు దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇలా తే. ఇప్పుడెన్ని నీలు పోసినా బయం నేదు. బాగా వాయించేవా?"

గిటార్ ఇచ్చాను. ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల కింద వేలు పెట్టి ఉప్పు తుడుస్తున్నాడు. పంపు సన్నగా వస్తోంది. నేనే వెళ్ళి పూర్తిగా తిప్పాను.

ఆయన తలెత్తి నవ్వాడు, ఇన్నాళ్ళకి దారికొచ్చాననుకుని.