పక్క స్థలంలో గుడారం

"సెలవుల్లో కూడా ఆ మొహమేంటి?" అన్నాడు నెవిల్, కారవాన్ గుమ్మంలోంచి లోపలికి తొంగిచూస్తూ.

రోజ్లిన్ రెండు జానల వంటగట్టు మీద బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. బయట మర్రే నది ఒడ్డున నీలగిరి చెట్ల కింద మగవాళ్ళంతా కుర్చీలు వాల్చుకుని బీరు తాగుతున్నారు.

నెవిల్ ఉద్యోగం మానేసిన ఏడాదే, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఈ కారవాన్ ఇల్లు కొన్నాడు. ఇక మనిద్దరికీ జీవితాంతం సెలవులే అన్నాడు. బెండిగో ఊళ్ళో సొంతింట్లో ఉన్నప్పుడు కనీసం వంటింటికో తలుపుండేది, విసుగొస్తే వేసుకునేది. ఇప్పుడు వంటిల్లే ఊరూరా ఆమె వెంటబడి వస్తోంది. ఏ క్యాంపులో దిగినా ముందు ఇసుక ఊడ్వాలి, గోడకానుకున్న మంచం మీదికి మోకాళ్ళతో పాకి దుప్పటి సర్దాలి, ఎంగిలి గిన్నెల టబ్బు మోసుకుంటూ అందరి ముందు నుంచీ కుళాయిల షెడ్డుకి నడవాలి. ఆ షెడ్డులో ఎప్పుడు చూసినా ఆడవాళ్ళే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అత్తగారు కూడా ఇలాంటి ప్రయాణాలకు వచ్చేది. మగాడు బండి నడిపి అలిసిపోతాడమ్మా, నీకు దారంతా కూర్చోవడమే కదా అనేది. నెవిల్ అంత మాట అనడు. కొత్తగా పరిచయమైన వాళ్ళతో, మా ఆవిడ చేతులు ఊరుకోవండీ, పని లేకపోతే ఆవిడకి తోచదు అని నవ్వుతాడు. ఇన్నేళ్ళూ రోజ్లిన్ కూడా నవ్వింది. తన గురించి చెప్పిన అబద్ధానికి తానే సాక్ష్యం పలికినట్టు.

"రాత్రికి ఆ ఎదుటి కారవాన్ గ్రేమ్ వాళ్ళనీ, ఆ చివర నీలం వ్యాను వాళ్ళనీ భోజనానికి పిలిచా" అన్నాడు నెవిల్. "ఎలాగూ వండుతున్నావుగా. ఇద్దరికైనా ఆరుగురికైనా అదే పొయ్యి."

సగం చెక్కు తీసిన దుంపను ఆమె గట్టు మీద పెట్టింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. చేతులు తుడుచుకుని నేరుగా క్యాంపు ఆఫీసుకి నడిచింది. తమ కారవాన్ పక్క స్థలం ఖాళీయేనా, అద్దెకి చిన్న గుడారం దొరుకుతుందా అని ఆఫీసు చూసుకునే డియాన్‌ని అడిగింది.

"మనవలొస్తున్నారా?" అంది డియాన్.

"లేదు, నేనొస్తున్నాను."

గుడారం వేస్తుంటే నది మీంచి గాలి లేచి గుడ్డనంతా ఆమె మొహానికి చుట్టేసింది. కుర్చీల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. గ్రేమ్ సాయానికి లేవబోతే వద్దని చెయ్యూపింది. పెళ్ళికి ముందు స్కౌట్ పిల్లల్ని కొండలకి తీసుకెళ్ళి వానలో గుడారాలు వేయించిన మనిషి. ఆ సంగతి ఆమే మరిచిపోయింది గానీ చేతులు మరిచిపోలేదు. ఆఖరి మేకు దిగేసరికి నెవిల్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏంటీ తమాషా? జనం ఏమనుకుంటారు?"

"సెలవులకొచ్చిందనుకుంటారు."

"మనం ఉన్నదే సెలవుల్లో కదా, రోజ్."

"నువ్వున్నావు. నేను ఇంట్లోనే ఉన్నాను నెవ్. ఇంటికి చక్రాలున్నాయి, అంతే."

భోజనాల వేళకి అలక తీరుతుందనుకున్నాడు అతను. ఆ వేళకి అతిథులు వచ్చారు. రోజ్లిన్ కూడా వచ్చింది, ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకో చేత్తో వైను సీసా పట్టుకుని. వచ్చి వాళ్ళ వరసలో కూర్చుంది. నెవిల్ కాల్చిన గొర్రె మాంసం పైన మాడి లోపల పచ్చిగా ఉంది. పళ్ళేలెక్కడున్నాయని నెవిల్ లోపల్నుంచి అరిస్తే, "నీ ఇల్లు, నన్నడుగుతావేంటి? వెతుక్కో" అంది తాపీగా.

"మావాడికి ఏం శిక్ష వేశావమ్మా?" అన్నాడు గ్రేమ్.

"శిక్షేముంది గ్రేమ్, పిలిచారని తినడానికొచ్చాను."

మగవాళ్ళు నవ్వారు. గ్రేమ్ భార్య జాయ్స్ నవ్వలేదు. ఆ గుడారం వైపే చాలాసేపు చూసింది. తిన్నాక, అలవాటుగా అందరి పళ్ళేలూ పోగుచెయ్యబోయి ఆగి, తన పళ్ళెం మొగుడి ఒళ్ళో పెట్టింది. రోజ్లిన్ నెవిల్‌కి థాంక్స్ చెప్పి, కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి లేచేసరికి కటిక నేల మీద పడుకున్నందుకు తుంటి సలుపుతోంది. నెవిల్ కారుకి కారవాన్ తగిలించుకుని వెళ్ళిపోయి ఉంటే? వలగుడ్డ కిటికీలోంచి చూసింది. వెళ్ళలేదు. అందుకు సంతోషమూ కలగలేదు, దిగులూ కలగలేదు. ఆమెకే వింతగా అనిపించింది.

కాసేపటికి గడ్డిలో అడుగుల చప్పుడైంది. గుడారం జిప్పు పైకి కదిలింది. ఆమె లోపల్నుంచి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"అడక్కుండా తెరవకు."

"టీ పొడి కనబడ్డం లేదు. అయినా తలుపే లేనిదానికి ఏమని అడగను?"

"బయట నిలబడి పేరు పెట్టి పిలువు. నేను పలికితే రా."

"నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ."

అతను వెళ్ళిపోతాడనుకుంది. గుడ్డ అంచు కింద చెప్పులు అటూ ఇటూ కదిలాయి గానీ వెళ్ళలేదు. గొంతు సవరించుకున్నాడు.

"రోజ్లిన్" అన్నాడు.

ఆమెకు వినిపించింది. పలకాలో వద్దో ఆలోచించుకుందామని వెల్లకిలా పడుకుని, తీరిగ్గా కాళ్ళు చాపుకుంది.